47 ఏళ్లకు పర్మనెంట్ ఉద్యోగం వదిలి కాంట్రాక్టర్‌గా మారవచ్చా?

ప్రశ్న: పేరు వేయవద్దన్న ఒక పాఠకుడు రాసిన పొడవైన ఉత్తరం సారాంశం ఇది. ఆయన వయసు 47. ఒకే కంపెనీలో 21 ఏళ్లుగా బిల్లింగ్ సిస్టమ్ మీద పనిచేస్తున్నారు. జావా 8 (జావా ప్రోగ్రామింగ్ భాషలో పాత వెర్షన్), వెనకాల ఒరాకిల్ డేటాబేస్. గత నాలుగేళ్లుగా కోడ్ రాయడం దాదాపు ఆగిపోయింది. 14 మంది టీమ్‌ను చూసుకోవడం, రివ్యూలు, మీటింగులతోనే రోజు గడుస్తోంది. కొత్తగా వచ్చిన మేనేజర్‌కు 34 ఏళ్లు. వరసగా రెండు అప్రైజల్స్‌లో రేటింగ్ తగ్గింది. కారణం అడిగితే "ఈ గ్రేడ్‌లో ఇంకా ఎక్కువ ఆశిస్తున్నాం" అన్నారే తప్ప వివరం లేదు. ఇప్పుడు కంపెనీ, స్వచ్ఛందంగా వెళ్లేవాళ్లకు 10 నెలల జీతం ఇస్తామంది. ఐదు వారాల్లో తేల్చుకోవాలి.

అదే టీమ్‌లో డేటా మైగ్రేషన్ (డేటాను పాత సిస్టమ్‌లోంచి కొత్తదానికి తరలించే పని) కోసం వచ్చిన 53 ఏళ్ల కాంట్రాక్టర్ ఒకాయన ఉన్నారు. "ఆయన మాట్లాడితే మా మేనేజర్ నోట్స్ రాసుకుంటాడు. అదే మాట నేనంటే పాతకాలపు ఆలోచన అంటాడు. ఆయన నాకన్నా ఆరేళ్లు పెద్ద. వయసు ఆయనకు గౌరవమూ నాకు బరువూ ఎలా అయింది?" అని అడిగారు. ఇంటి లోన్ ఇంకా ఆరేళ్లుంది. పెద్దమ్మాయి వచ్చే ఏడాది కాలేజీలో చేరుతుంది. భార్యది పార్ట్‌టైమ్ పని. చేతిలో ఏడు నెలల ఖర్చుకు సరిపడా పొదుపు ఉంది. "కాంట్రాక్టింగ్‌లో వయసు ఎవడూ అడగడు, వచ్చెయ్" అంటున్నాడు స్నేహితుడు. అది నిజమేనా, వెళ్లిపోనా అన్నది ఆయన ప్రశ్న.

సమాధానం: మీ ఉత్తరంలో రెండు విషయాలు కలగలిసిపోయాయి. ఒకటి, ఆఫీసులో మీ మాటకు విలువ పోయిందన్న బాధ. రెండోది, ఇంటి ఆదాయం గురించి తీసుకోవాల్సిన నిర్ణయం. మొదటిదాని మంటలో రెండోది తేల్చేస్తే నష్టపోయేది మీరే. అందుకని విడదీసి చూద్దాం.

ముందు ఆ 53 ఏళ్ల కాంట్రాక్టర్ సంగతి. తేడా మీ ఇద్దరి వయసుల్లో లేదు, మీ దగ్గర కంపెనీ కొంటున్నదాంట్లో ఉంది. పర్మనెంట్ ఉద్యోగి విషయంలో కంపెనీ రాబోయే ఏళ్లను లెక్కేస్తుంది. ఈ మనిషి ఇంకా ఏ గ్రేడ్‌కి వెళ్తాడు, ఏటా ఇంక్రిమెంట్ ఎంత, టీమ్ సగటు ఖర్చు ఎక్కడికి చేరుతుంది అని చూస్తుంది. పైకి వెళ్లేకొద్దీ కుర్చీలు తక్కువ. మీ జీతం పెరిగినంతగా కూర్చోబెట్టే కుర్చీలు పెరగవు కాబట్టి, ఏటా మార్చే ఎక్సెల్ షీటులో మీ వరస మీద ఎవరిదో ఒకరి కన్ను పడుతూనే ఉంటుంది. కాంట్రాక్టర్‌కు ఇచ్చేది హెడ్‌కౌంట్ (పర్మనెంట్ ఉద్యోగుల) బడ్జెట్‌లోంచి కాదు, ప్రాజెక్టు బడ్జెట్‌లోంచి. మైగ్రేషన్ ఆర్నెల్లయితే పర్చేజ్ ఆర్డర్ (ఆ పని కోసం కంపెనీ ఇచ్చే కొనుగోలు పత్రం) కూడా ఆర్నెల్లకే. ఆయనకు ప్రమోషన్ అక్కర్లేదు, అప్రైజల్ రాయనక్కర్లేదు, మీ మేనేజర్ కుర్చీకి ఆయన పోటీ కాదు. పైగా రోజుకింత అని ఇచ్చి తెచ్చుకున్న సలహా వినకపోతే ఆ డబ్బు దండగ. అందుకే నోట్స్ రాసుకుంటున్నారు.

మీ మేనేజర్ మీతో మాట్లాడే తీరు సరైందేనని దీని అర్థం కాదు. ఒకే మాటను మనిషిని బట్టి తూచడం అన్యాయమే. కానీ ఆ తూకం మీ సామర్థ్యం మీద ఇచ్చిన తీర్పు కాదని మీరు గట్టిగా నమ్మాలి. ఇంకో సంగతి, ఆయన్ను మీరు పని ఉన్న రోజుల్లోనే చూస్తున్నారు. రెండు కాంట్రాక్టుల మధ్య ఖాళీగా గడిచే వారాలు మీకు కనబడవు. బడ్జెట్ బిగిస్తే మొదట ఆపేది ఆయన పర్చేజ్ ఆర్డర్‌నే, ఎందుకంటే దానికి పరిహారం ఇవ్వనక్కర్లేదు.

ఇక మీ స్నేహితుడి మాట సగం నిజం. కాంట్రాక్టింగ్‌లో పుట్టిన సంవత్సరం అడిగేవాళ్లు తక్కువే. "ఈ పని ఆఖరుసారి మీ చేత్తో ఎప్పుడు చేశారు?" అని మాత్రం అందరూ అడుగుతారు. ఏజెన్సీలో రెజ్యూమెలు వడకట్టేవాళ్లు చూసేది ముఖ్యంగా చివరి రెండేళ్లు. అంతకు ముందు 19 ఏళ్లున్నా అది వెనక నేపథ్యమే. మీలాంటి వాళ్ల మీద ఇంకో అనుమానం కూడా ఉంటుంది: ఇన్నాళ్లు టీమ్ నడిపిన మనిషి ఇప్పుడు తనకన్నా చిన్నవాళ్లు అప్పగించిన టికెట్ (చిన్న పని) తీసుకుని చేస్తాడా అని. వయసు అడ్డు వచ్చే మరో చోటు, మళ్లీ పర్మనెంట్‌లోకి రావాలనుకున్నప్పుడు. నాలుగైదు కాంట్రాక్టుల తరవాత 52 ఏళ్లకు తిరిగి వస్తే, 47లో కన్నా ఆ తలుపు చాలా బరువుగా తెరుచుకుంటుంది. చట్టం కూడా అందరినీ ఒకేలా కాపాడదు. ఉదాహరణకు అమెరికాలో 1967 నాటి వయో వివక్ష చట్టం 40 నిండిన ఉద్యోగులకు రక్షణ ఇస్తుంది, స్వతంత్ర కాంట్రాక్టర్లు మామూలుగా దాని పరిధిలోకి రారు. మీరున్న చోట ఎలా ఉందో ఒక కార్మిక న్యాయవాదిని ఒక గంట అడిగి తెలుసుకోండి.

కాబట్టి అసలు తేల్చుకోవాల్సింది, మీ 21 ఏళ్ల అనుభవంలో గేటు దాటి మీతో వచ్చేది ఎంత అని. ఏ కోడ్ ఏ డిపార్ట్‌మెంట్‌ది, ఏ రిపోర్టుకు ఎవరి సంతకం కావాలి, ఎప్పుడో వేసిన ప్యాచ్‌ను ఎందుకు కదపకూడదు, ఇవన్నీ మీ కంపెనీకి బంగారం, బయట దమ్మిడీకి పనికిరావు. ఒకే చోట ఎక్కువ కాలం ఉన్నవాళ్లకు ఈ వాటా పెద్దది. ఇది మింగుడుపడని విషయమే, అయినా ముందే చూసుకోవాలి.

బయటికి వచ్చే వాటా మీ దగ్గర కచ్చితంగా ఉంది. ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు: ఐదేళ్ల క్రితం నెలాఖరు బిల్లింగ్ బ్యాచ్ (అందరి బిల్లులూ ఒకేసారి తయారుచేసే ప్రోగ్రామ్) 9 గంటలు పట్టేదని, దాన్ని మూడున్నర గంటలకు తెచ్చానని. ఒక్కో రికార్డుకూ కమిట్ చేస్తున్న (డేటాబేస్‌లో మార్పును ఖాయం చేస్తున్న) లూప్‌ను వెయ్యేసి రికార్డుల చంక్‌లుగా, అంటే గుంపులుగా మార్చారు. కస్టమర్ నంబర్లను నాలుగు భాగాలు చేసి ఏకకాలంలో నడిపించారు. మూడు నెలాఖరులు పాత బ్యాచ్‌నూ కొత్తదాన్నీ పక్కపక్కన నడిపి, మొత్తాలు సరిపోయాకే పాతది ఆపారు. కాంట్రాక్టింగ్‌లో అమ్ముడుపోయేది ఇదే! కమిట్ చేసిన ప్రతిసారీ రీడూ లాగ్ (డేటాబేస్ మార్పులు నమోదు చేసుకునే చిట్టా) డిస్క్ మీద పడేదాకా ప్రోగ్రామ్ ఆగాలి, లక్షల రికార్డులుంటే లక్షల ఎదురుచూపులు. ఈ జబ్బు బిల్లింగ్‌లోనే కాదు, జీతాల లెక్కల్లో, బీమా ప్రీమియంలలో, బ్యాంకు వడ్డీ లెక్కల్లో కూడా ఉంటుంది.

రెజ్యూమెలో "21 సంవత్సరాల అనుభవం, 14 మంది టీమ్" అన్న మొదటి వరస తీసేయండి. దాని స్థానంలో ఇలాంటి పనులు నాలుగు రాయండి. ఒక్కోదానికీ నాలుగైదు వరసలు చాలు: ఏం పాడైంది, ఎందుకు, మీరేం మార్చారు, సరైందని ఎలా నిరూపించారు. ఇంటర్వ్యూలో తవ్వేది ఇక్కడే. "చంక్‌లో 700వ రికార్డు దగ్గర తప్పు వస్తే ముందు 699 కూడా వెనక్కి పోతాయి కదా, మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఏ కస్టమర్‌కూ రెండుసార్లు బిల్లు పడకుండా ఎలా చూశారు?" అని అడుగుతారు. దానికి తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే మీ వయసు గురించి ఆ గదిలో ఎవరూ ఆలోచించరు. 15 ఏళ్ల కన్నా పాత ప్రాజెక్టులు వదిలేయడం, డిగ్రీ పూర్తయిన సంవత్సరం రాయకపోవడం తప్పేమీ కాదు, చాలామంది చేస్తారు. తేదీలు మార్చడం మాత్రం వద్దు, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోతుంది.

మీ అసలు బలహీనత 47 ఏళ్లు కాదు, కీబోర్డుకు దూరమైన నాలుగేళ్లు. దీన్ని జీతం తీసుకుంటూనే సరిచేసుకునే వీలుంది. మీ సిస్టమ్ ఇంకా 2014లో వచ్చిన జావా 8 మీదే ఉంది. దాన్ని జావా 17కో 21కో తీసుకెళ్లే పని ఇవాళ కాకపోతే రేపు మీ కంపెనీకి తప్పదు, బయట కూడా ఆ పనికి మనుషులు కావాలి. ఒక చిన్న మాడ్యూల్‌ను మీ చేత్తో మార్చి చూపిస్తానని అడిగి తీసుకోండి. ముందు జావాతో వచ్చే జేడెప్స్ అనే పరిశీలన సాధనం నడిపి, జేడీకే (జావా మూల కిట్) లోపలి క్లాసులను మీ కోడ్ ఎక్కడెక్కడ వాడుతోందో జాబితా తీయండి. ఎక్స్‌ఎంఎల్ డేటాను చదివి రాసే జాక్స్‌బీ లైబ్రరీ 2018లో వచ్చిన జావా 11 నుంచి జేడీకేలో లేదు, విడిగా డిపెండెన్సీగా (బయటి లైబ్రరీగా) పెట్టాలి. జావా అప్లికేషన్లు కట్టే స్ప్రింగ్ బూట్ ఫ్రేమ్‌వర్క్ 3వ వెర్షన్‌కు కనీసం జావా 17 ఉండాలి, దానితోపాటు జావాఎక్స్ అని మొదలయ్యే ప్యాకేజీల (కోడ్ గుంపుల) పేర్లు జకార్తాగా మారతాయి. జావా వెర్షన్ మార్పు, స్ప్రింగ్ బూట్ మార్పు రెండూ ఒకే విడతలో చేయొద్దు, ఏది దేనివల్ల పగిలిందో తేలదు. జావాఎక్స్ అని కనబడిన ప్రతిదాన్నీ గుడ్డిగా మార్చినా బిల్డ్ ఆగిపోతుంది, జావాఎక్స్ ఎస్‌క్యూఎల్, జావాఎక్స్ క్రిప్టో లాంటివి జేడీకేలోనే ఉంటాయి.

బిల్లింగ్‌లో ఇంకా రెండు గుంటలున్నాయి. జావా 9 నుంచి తేదీలు, అంకెల ఫార్మాట్లకు మూలమైన లొకేల్ డేటా (ప్రాంతాన్ని బట్టి రాసే పద్ధతుల సమాచారం) మారింది. జావా 18 నుంచి డీఫాల్ట్ క్యారెక్టర్ సెట్ (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) యూటీఎఫ్-8 అయింది. కోడ్ కంపైల్ అవుతుంది, టెస్టులూ పాసవుతాయి. కానీ బిల్లు మీద తేదీ వేరేలా పడుతుంది, పాత ఫ్లాట్ ఫైల్‌లోంచి (మామూలు టెక్స్ట్ ఫైల్‌లోంచి) వచ్చిన పేర్లలో చెత్త అక్షరాలు కనిపిస్తాయి. పాత, కొత్త బిల్లులను బైట్ బైట్‌గా పోల్చి చూడాలని చెప్పేది ఎన్నో నెలాఖరులు చూసిన మనిషే. అనుభవానికి డబ్బు వచ్చేది ఇలాంటి చోటే.

ఇప్పుడు డబ్బు లెక్క. రోజు రేటు వినగానే దాన్ని ఏడాది పొడుగునా గుణించి చాలామంది మోసపోతారు. ఏడాదిలో శని ఆదివారాలు పోను పనిదినాలు 261. సెలవు దినాలు 12, మీరు తీసుకునే సెలవులు 18, జ్వరానికీ జబ్బుకీ 5, నేర్చుకోవడానికీ కాగితాలకూ 10 తీసేస్తే 216. మొదటి ఏడాది కాంట్రాక్టుల మధ్య ఏడు వారాల ఖాళీ అనుకుంటే, అది దాదాపు 36 రోజులు. బిల్లు వేయగలిగేది 180. ఇటువైపు మీ జీతం 100 అనుకోండి. కంపెనీ మీ తరఫున కట్టే పదవీ విరమణ నిధి, ఆరోగ్య బీమా, బోనస్, శిక్షణ కలిపి ఇంకో 30 అనుకుందాం. మీ పే స్లిప్, ఆఫర్ కాగితాలు ముందు పెట్టుకుని అసలు అంకె వేసుకోండి. అకౌంటెంట్, వృత్తి బాధ్యత బీమా, లాప్‌టాప్, లైసెన్సులకు 8. మొత్తం 138. దాన్ని 180తో భాగిస్తే రోజుకు 0.77. ప్రస్తుత జీతాన్ని 261తో భాగిస్తే 0.38. అంటే ఇప్పుడున్నట్టే బతకాలన్నా మీ రోజు రేటు ఇప్పటి రోజు జీతానికి రెట్టింపు ఉండాలి. ఖాళీ లేకుండా 216 రోజులూ పని దొరికినా 1.7 రెట్లు కావాలి. ఒకటిన్నర రెట్లు ఇస్తామంటే పెరిగినట్టు కనిపిస్తుంది, నిజానికి అది తగ్గుదలే.

రేటు కన్నా ముందు మనుషుల్ని ముంచేది నగదు ఆలస్యం. నెలాఖరుకు టైమ్‌షీట్ ఆమోదం అవ్వాలి, తరవాత ఇన్వాయిస్, ఆపైన 45 లేదా 60 రోజుల గడువు. పని మొదలుపెట్టిన రోజు నుంచి మొదటి డబ్బు చేతికి రావడానికి 75 నుంచి 90 రోజులు. మొదటి కాంట్రాక్టు వెతుక్కోవడానికి రెండు మూడు నెలలు వేసుకోండి. అంటే దాదాపు ఆర్నెల్లు ఆదాయం లేనట్టే. 10 నెలల జీతం మీద పన్ను పోతుంది, అది కాగితం మీద కనిపించినంత రాదు. చేతికొచ్చేదాన్ని ఏడు నెలల పొదుపుతో కలిపి, లోన్ కిస్తీ, కాలేజీ ఫీజు, ఇకపై మీరే కట్టుకోవాల్సిన ఆరోగ్య బీమా అన్నీ వేసుకుని ఎన్ని నెలలు నడుస్తుందో చూడండి. 12 నెలల కన్నా తక్కువ వస్తే మొదటి ఏడాది మీరు రేటు బేరమాడలేరు, దొరికిందల్లా ఒప్పుకుంటారు. మీ భార్య ఫుల్‌టైమ్‌కు మారగలిగి, కుటుంబమంతటికీ బీమా ఆమె కంపెనీలో దొరికితే ఈ లెక్క బాగా మారిపోతుంది. ఆమెతో కూర్చుని ఈ అంకెలన్నీ కలిసి వేసుకోండి.

ఏజెన్సీ ద్వారా వెళ్తే ఒప్పందంలో కొన్ని వాక్యాలు వేలు పెట్టి చదవాలి. "క్లయింట్ మాకు చెల్లించాకే మీకు" అని ఉంటే తీసేయమనండి, కనీసం దానికి 60 రోజుల హద్దు పెట్టించండి. నోటీసు క్లయింట్‌కు వారం, మీకు నెల అని ఉంటే సమానం చేయమనండి. మీ నష్టపరిహార బాధ్యత ఆ కాంట్రాక్టు విలువకు మించకూడదు. ఒకే క్లయింట్ దగ్గర, వాళ్ల వేళల్లో, వాళ్ల మేనేజర్ కింద ఏళ్ల తరబడి కూర్చుంటే పన్ను శాఖ మిమ్మల్ని ఉద్యోగిగానే చూసే ప్రమాదం కూడా ఉంది. బ్రిటన్‌లో 2000 నుంచి ఉన్న ఐఆర్35 నిబంధనలు ఇలాంటివే. పని మీద అజమాయిషీ ఎవరిది, మీ బదులు ఇంకొకరిని పంపగలరా అన్నవి చూస్తారు.

మీ ముందున్న దారులు వెళ్లడం, ఉండడం రెండే కావు. ఉండిపోతే మేనేజర్‌ను ఒకే ప్రశ్న అడగండి, మెయిల్‌లో: "ఈ గ్రేడ్‌లో ఎక్కువ అంటే ఏ మూడు పనులు, ఏ తేదీలోగా?" స్పష్టమైన జవాబు వస్తే ఉండడానికి ఒక ఆధారం దొరికినట్టే. టీమ్ బాధ్యత వదిలి సాంకేతిక నిపుణుడి ట్రాక్‌లోకి మారతానని అప్పుడే అడగవచ్చు. హోదా తగ్గినట్టు కనబడుతుంది, కొందరు గుసగుసలాడతారు, కానీ చేతిలో పని మిగులుతుంది. రెండుసార్లు అడిగినా జవాబు రాకపోతే వచ్చే విడతలో మీ పేరు ఉండొచ్చు. అప్పుడు ఈ 10 నెలల జీతం ఉంటుందన్న హామీ లేదు. ఇంకో దారి, వేరే కంపెనీలో పర్మనెంట్. చిన్న కంపెనీల్లో గ్రేడ్ల గొడవ తక్కువ, చేత్తో పనిచేసే పెద్దవాళ్లు వాళ్లకు కావాలి. జీతం కొంత తగ్గవచ్చు, వెతకడానికి నెలలు పట్టవచ్చు. ఏడాది గడువున్న ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగం కూడా ఉంది. బీమా, సెలవులు ఉంటాయి, చివర్లో వెతుకులాట తప్పదు. లోన్ ఉన్నవాళ్లకు కాంట్రాక్టింగ్ రుచి చూడటానికి ఇది మెత్తటి మెట్టు అని నా అభిప్రాయం.

ఈ ఐదు వారాల్లో మూడు వారాలు మార్కెట్‌ను పరీక్షించడానికి వాడండి. కొత్త రెజ్యూమె ఐదారు ఏజెన్సీలకు, బయటికి వెళ్లిన పాత సహోద్యోగులకు పంపండి. వచ్చిన ఇంటర్వ్యూలన్నీ ఇవ్వండి. ఒక్క పిలుపూ రాకపోతే లోపం రెజ్యూమెలోనో చివరి రెండేళ్ల పనిలోనో ఉంది. పిలుపు వచ్చి కోడ్ రాయమన్న చోట ఆగిపోతే మీకు ఇంకో ఆర్నెల్ల సాధన కావాలి, అది ఉద్యోగంలో ఉండి చేసుకోవడం నయం. అన్నీ దాటి రేటు దగ్గర 1.5 రెట్లకే ఆగితే, మీకు దొరుకుతున్నది గౌరవం, దాని ఖర్చు మీ ఇల్లు భరిస్తోంది. ఇద్దరు ముగ్గురు 1.8 పైన మాట్లాడితే, 12 నెలలకు పైగా నగదు ఉంటే, వెళ్లడానికి గట్టి కారణమే ఉంది.

దీనికి సమాంతరంగా మొదటి వారంలోనే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి, వాళ్ల జవాబులకు సమయం పడుతుంది. ఆరోగ్య బీమా ఏ తేదీతో ఆగుతుంది? వాడని సెలవులకు డబ్బు ఇస్తారా? ఇంకా చేతికి రాని షేర్లు ఏమవుతాయి? రిలీవింగ్ లెటర్‌లో కారణం ఏమని రాస్తారు? పోటీ కంపెనీలో చేరకూడదన్న నిబంధన ఉందా, ఉంటే ఎన్ని నెలలు? ఇదే కంపెనీకి కాంట్రాక్టర్‌గా రావాలంటే ఎన్ని నెలలు ఆగాలి? సంతకం పెడితే ఏ హక్కులు వదులుకున్నట్టు? ఆఖరి ప్రశ్నకు వచ్చిన జవాబును న్యాయవాదికి చూపించకుండా సంతకం పెట్టకండి. అమెరికాలోనైతే ఇలా గుంపుగా ఇచ్చే ప్యాకేజీలో 40 నిండినవాళ్లు వయో వివక్ష మీద దావా హక్కు వదులుకోవాలంటే, ఆలోచించుకోవడానికి కనీసం 45 రోజులు, సంతకం పెట్టాక వెనక్కి తీసుకోవడానికి 7 రోజులు ఇవ్వాలి. మీకిచ్చింది ఐదు వారాలు, అంటే 35 రోజులే. మీరున్న చోట చట్టం ఇంతకన్నా ఎక్కువ గడువు ఇస్తోందేమో న్యాయవాదిని అడిగే మొదటి ప్రశ్న అదే కావాలి.